సహనమే సాధనంగా: కార్డినల్ అగోస్తినో కసరోలి దౌత్యనీతి

ప్రచ్ఛన్నయుద్ధ కాలపు వాటికన్ దౌత్యంలో అగోస్తినో కసరోలి (1914–1998) పాత్ర కీలకమైనది. ఉత్తర ఇటలీలో జన్మించిన ఈ మతగురువును 1963లో పోప్ ఇరవైమూడవ జాన్ బుడాపెస్ట్, ప్రాగ్ నగరాలకు పంపడంతో తూర్పు ఐరోపాలోని కమ్యూనిస్టు ప్రభుత్వాలతో చర్చలకు మార్గం ఏర్పడింది.

బిషప్పు లేనిదే కొత్త గురువులకు అభిషేకం లేదు. గురువులు లేనిదే దివ్యసంస్కారాలు సాగవు. అందుచేత ఖాళీగా ఉన్న పీఠాలను భర్తీ చేయించడమే కసరోలి ప్రధాన లక్ష్యమైంది. 1964లో హంగరీతో, 1966లో యుగొస్లావియాతో కుదిరిన ఒప్పందాలు ఈ కృషి ఫలితాలే.

అయితే ఈ నీతికి మూల్యం తప్పలేదు. 1956 నుంచి బుడాపెస్ట్‌లోని అమెరికా దౌత్యకార్యాలయంలో ఆశ్రయం పొందిన కార్డినల్ మిండ్సెంటి 1971లో దేశం విడిచాడు. రాజీనామాకు ఆయన నిరాకరించినా, 1974లో పోప్ ఆరవ పాల్ ఎస్టెర్గోమ్ పీఠం ఖాళీ అయినట్లు ప్రకటించాడు. చెరసాలలు చూసిన విశ్వాసులలో పలువురికి ఇది లొంగుబాటుగా తోచింది.

మరోవైపు, 1975లో కసరోలి వాటికన్ పక్షాన సంతకం చేసిన హెల్సింకీ తుది ఒప్పందం మతస్వేచ్ఛను మానవహక్కుల సూత్రంలో చేర్చింది. ఆ ప్రభుత్వాలు తామే సంతకం చేసిన ఈ పత్రం అసమ్మతివాదులకు ఆధారమైంది. 1979 నుంచి 1990 వరకు ఆయన వాటికన్ రాజ్యకార్యదర్శిగా కొనసాగాడు.

మరణానంతరం 2000లో వెలువడిన ఆయన స్మృతిగ్రంథం పేరుకు ‘సహనమనే బలిదానం’ అని అర్థం. ఆ సహనం సంఘవ్యవస్థను నిలిపింది. దాని భారాన్ని మాత్రం చర్చల బల్ల వద్ద చోటులేనివారే అధికంగా మోశారు. కసరోలి దౌత్యాన్ని అంచనా వేయడానికి ఈ రెండింటినీ కలిపి చూడవలసి ఉంటుంది.