మోటారు పందేల ప్రసారంలో కారు లోపలి కెమెరా: తొలి దశ

మోటారు పందేల ప్రసార చరిత్రను ఫార్ములా వన్ కేంద్రంగా చదవడం పరిపాటి. కారు లోపలి కెమెరా విషయంలో ఈ దృష్టి చరిత్ర క్రమాన్నే తారుమారు చేస్తుంది.

పందెపు కారుకు కెమెరా బిగించడం 1970ల నాటికే కొత్త విషయం కాదు. జాన్ ఫ్రాంకెన్‌హైమర్ 1966లో తీసిన ‘గ్రాండ్ ప్రి’ చిత్రం కోసం కార్లకు బరువైన ఫిల్మ్ కెమెరాలు అమర్చారు. మాజీ ప్రపంచ విజేత ఫిల్ హిల్ కెమెరా కారును నడిపాడు. అయితే ఫిల్మును కడిగి, కూర్చి, ప్రదర్శించేసరికి పందెం ఎప్పుడో ముగిసి ఉంటుంది. టెలివిజన్‌కు కావలసింది ఫలితం తేలకముందే కనిపించే దృశ్యం. కాబట్టి అసలు సమస్య చిత్రీకరణలో కంటే ప్రసరణలో ఉంది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, బాథర్స్ట్ పట్టణం వద్దనున్న మౌంట్ పనోరమా మార్గం ఈ సమస్యకు గట్టి పరీక్ష. 6.172 కిలోమీటర్ల ఆ చుట్టు కొండ ఎక్కి దిగేది. మైక్రోవేవ్ సంకేతానికి పంపే చోటికీ అందుకునే చోటికీ మధ్య అడ్డు ఉండరాదు. కొండ వాలు, చెట్లు అడ్డుపడితే చిత్రం తెగిపోతుంది. సిడ్నీకి చెందిన ఏటీఎన్-7 కేంద్రం ఇంజనీర్లు కారులోని సంకేతాన్ని ఆకాశంలో తిరిగే హెలికాప్టర్‌కు పంపి, అక్కడి నుండి నేలపైని ప్రసార విభాగానికి మళ్లించారు. ‘రేస్‌క్యామ్’గా పేరొందిన ఈ ఏర్పాటు 1979 బాథర్స్ట్ 1000 పందెంలో పీటర్ విలియమ్సన్ నడిపిన టయోటా సెలికాలో ప్రేక్షకుల ముందుకు వచ్చింది.

సెలికా చిన్న ఇంజన్ల తరగతికి చెందిన కారు. దానికి మొత్తం పందెంలో గెలుపు ఆశ లేదు. పీటర్ బ్రాక్, జిమ్ రిచర్డ్స్ జోడీ హోల్డెన్ టొరానాలో ఆరు చుట్ల ఆధిక్యంతో నెగ్గిన ఆ పందెంలో ముందు వరుసలో ఉత్కంఠ కరువైంది. ప్రసారానికి ఆసక్తిని సమకూర్చింది వెనుక పరుగెత్తుతున్న కారే అనడం అతిశయోక్తి కాదు. పైగా విలియమ్సన్ కారు నడుపుతూనే వ్యాఖ్యాతలతో సంభాషించాడు. చిత్రానికి తోడైన ఈ మాట ప్రాధాన్యాన్ని పరిశీలకులు తక్కువగా అంచనా వేశారనిపిస్తుంది. అంతవరకు డ్రైవరు అనుభవం పందెం ముగిశాక చెప్పే జ్ఞాపకం మాత్రమే. ఇక్కడ అది జరుగుతున్న క్షణంలోనే బహిరంగమైంది. ఏకాగ్రతే ప్రాణాధారమైన పనిలో ఉన్న మనిషిని పలకరించడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది.

ఆ తరువాతి విస్తరణ వేగంగా సాగింది. 1983 డేటోనా 500లో కేల్ యార్బరో కెమెరా ఉన్న కారుతోనే గెలిచాడు. అదనపు బరువు, పరికరాలు విజయానికి ప్రతిబంధకమన్న శంక దీనితో బలహీనపడింది. ఫార్ములా వన్ మాత్రం 1985 వరకు ఆగింది. నూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగిన జర్మన్ గ్రాండ్ ప్రిలో రెనో జట్టు కెమెరా మోయడానికి ఫ్రాన్స్వా ఎనోకు ప్రత్యేకంగా మూడవ కారును అప్పగించింది. క్లచ్ చెడిపోవడంతో అది ఎనిమిది చుట్ల తరువాత ఆగిపోయింది.