అంచె పరుగు



మనము దినమునకు పదిమార్లు వాడుకొను మాటలలో "అంచెలంచెలుగా" అనునది యొకటి. ఉద్యోగి అంచెలంచెలుగా ఎదిగెనందుము. కట్టడము అంచెలంచెలుగా లేచెనందుము. అంచె యనగా నేమని తరగతిలో అడిగినచో పిల్లలు తఱుచుగా "మెట్టు" అని చెప్పెడివారు. మెట్టు కాదు. దారిపొడవున మనుష్యులను నిలిపియుంచిన మజిలీకి అంచె యని పేరు. ఒకడు పరుగెత్తివచ్చి యచ్చట ఆగును. అతడు తెచ్చినదానిని గైకొని మఱియొకడు బయలుదేరును. కన్నడదేశమున ఉత్తరముల టపాకు నేటికిని అంచె యనియే వ్యవహారము. మనము వస్తువును విడిచి మాటను మాత్రము మిగుల్చుకొంటిమి.

ఆ అంచెలలో పరుగెత్తినవారిని గూర్చియు, వారి సంసారములను గూర్చియు నేడు కొంత చెప్పదలచితిని.

పరుగెత్తి జీవించుట మనదేశమున క్రొత్త కాదు. అమరసింహుడు తన నిఘంటువున, క్షత్రియవర్గములో, జాంఘికుడనియు జంఘాకరికుడనియు ఒక పనివానిని పేర్కొన్నాడు. జంఘ యనగా పిక్క. పిక్కబలమే జీవనాధారముగా గలవాడని యర్థము. మిక్కిలి వేగము గలవానికి జంఘాలుడని వేఱొక పేరున్నది. జంఘాలుడు ఒక్క గుక్కలో దూసికొనిపోవువాడు, జాంఘికుడు ప్రొద్దు పొడిచినది మొదలు గ్రుంకువఱకు పోగలవాడు అని నేను విద్యార్థులకు విడదీసి చెప్పుచుండెడివాడను. కౌటిల్యుడు జీతముల లెక్క చెప్పుచోట మధ్యమశ్రేణి దూతకు యోజనమునకు పది పణముల వంతున నిర్ణయించి, పది యోజనములు దాటినపిమ్మట నూఱు యోజనములవఱకు రెట్టింపు వేతన మీయవలెనన్నాడు. దూరము రెట్టింపైనచో అలసట రెట్టింపుతో ఆగదను సంగతి ఆయనకు తెలియును. ఈ కాలపు యజమానులలో అది తెలిసినవారు తక్కువ.

14వ శతాబ్దమున మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువునకు వచ్చిన ఇబ్న్ బతూతా ఈ దేశపు కాలిటపాను చూచి ఆశ్చర్యపడి వ్రాసినాడు. మైలునకు మూడేసి మజిలీలు. ఊరి వెలుపల పాకలలో బంట్లు నడుము బిగించుకొని సిద్ధముగా కూర్చుండెడివారు. ఒక్కొక్కని చేతిలో రెండు మూరల కఱ్ఱ, దాని కొనను రాగి గంటలు. వచ్చువాని గంటల చప్పుడు చెవినిబడగానే ఇవతలివాడు లేచి నిలుచును. గుఱ్ఱపుటపాకంటె ఈ కాలిటపాయే వేగమైనదని ఆయన స్పష్టముగా చెప్పినాడు. ఖురాసాను పండ్లు సుల్తానునకు ఈ మార్గముననే వచ్చెడివట. సుల్తాను దౌలతాబాదున నున్నప్పుడు నలువది దినముల దూరమునుండి గంగాజలమును ఇట్లే మోసిరట. మా నూజివీటి చిన్నరసము మాత్రము ఆ ప్రయాణమున కోర్చునా యని నాకు సందేహము. పిసికి చీకవలసిన పండు. నాలుగవ అంచెకే గంప తడిసిపోవును.

తరువాతి కాలమున అక్బరు మేవాతుదేశపువారిని ఈ పనికి ఏఱికోరి నియమించినట్లు అబుల్ ఫజల్ వ్రాసెను. 17వ శతాబ్దమున వజ్రములకొఱకు గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మన బెజవాడ మీదుగా ప్రయాణము చేసినవాడు. ఆయనయు కాలిబంటు గుఱ్ఱపువానిని మించునని వ్రాసి, ఒక వింత ఆచారమును చెప్పినాడు. ఉత్తరమును ఒకని చేతినుండి మఱియొకని చేతికి ఇచ్చుట అశుభమట. అందుచేత వచ్చినవాడు గుడిసె వాకిట దానిని విసరును; పోవలసినవాడు వంగి తీసికొని పరుగు లంకించుకొనును.

కుంఫిణీవారి కాలమున ఈ అంచెలకే టపా యని పేరు వచ్చినది. 1766లో క్లైవు దీనిని ఒక క్రమమునకు తెచ్చెను. 1774లో వారన్ హేస్టింగ్సు సామాన్యజనులకును తెఱచెను. 1786లో చెన్నపట్టణమున జనరల్ పోస్టాఫీసు వెలసెను. ఇవి పుస్తకములలో దొరకు సంగతులే. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారిపొడవునా తాము చూచినదెల్ల వ్రాసి చెన్నపట్టణమునందలి మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్లగారికి తెలుపుచుండిరి. ఆ వ్రాతలే కాశీయాత్ర చరిత్రమైనవి. దేశములో నాటికి రైలు లేదు. మొదటి ప్రయాణికుల రైలు 1853లో గదా. ఆ దినములలో టపాలో వేసిన ఏ ఉత్తరమైనను ఎవడో యొక పరుగువాని భుజముమీద పోవలసినదే. మన వచన వాఙ్మయమునకు ఆ పిక్కలు కొంత ఋణమిచ్చినవని నేను తలతును.

ఇక ఆ పరుగువాని బ్రదుకెట్టిది? ఈటెకో కఱ్ఱకో సంచి తగిలించి భుజమున వైచుకొనును. గంటలు మృగములను బెదరించుటకును, దారినిపోవువారిని తప్పించుటకును. రాత్రియందు అడవిత్రోవలో తోడుగా దివిటీవాడు. జీతము నెలకు కొలది రూపాయలు. తమ్మిలేరు, బుడమేరువంటి కొండవాగులు ఎంతలో పొంగునో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన విధము అందఱును చూచితిరి. సంచి ఆగరాదు. వాగు దిగువఱకు గట్టున కూర్చుండుటకు వానికి సెలవు లేదు.

నేను ఆలోచించునది వేఱొకటి. అంచె బంటు ఒక కొనకు సంచి చేర్చి ఊరకుండడు. ఎదుటినుండి వచ్చు సంచికై అక్కడ కాచుకొని, దానితో మరల పరుగెత్తి రావలెను. ఇల్లు ఒక కొననే యుండును. అనగా వాని రాత్రులలో ఎక్కువభాగము దారిలోను, పరుల పాకలోను గడచును. పగటివేళ ఇంటికి వచ్చి నిద్రించును. దుక్కి యెవరు దున్నించిరి? బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి యెవరు మేల్కొనిరి? ఇబ్న్ బతూతా గంటలు లెక్కించినాడు గాని యిది అడుగలేదు.

ఈ ప్రశ్నకు కొంత సమాధానము నా చిన్ననాట కంటబడినది. నూజివీడు పేరుగల రైలుస్టేషను హనుమాన్ జంక్షను చెంత నున్నది. ఊరికి ఆమడకు మించిన దూరము. లోపలి పల్లెలకు సంచి చేరవలెనన్న మనిషియే గతి. మా ఊరికి సంచి తెచ్చునాయనను అందఱును రన్నరు అనియే పిలిచెడివారు, ఆయన సైకిలుమీద వచ్చినను. ప్రభుత్వము అట్టివారిని శాఖేతర సిబ్బందిగా లెక్కించెడిది. వేఱే జీవనాధారము కలిగియుండవలెనని నిబంధన. గ్రామీణ డాక్ సేవకులన్న పేరు పిమ్మట వచ్చినది. ఆయన జీవనాధారము మూడెకరముల మామిడితోట. వేసవిలో కాయ దిగు సమయమునకే సంచియు దిగును. ఆయన సంచితో పోగా, ఆయన భార్య చిక్కముతో కాయ కోయించి, గంపలలో వరిగడ్డి పఱచి, బేరగానితో ధర తెగవేసెడిది. బేరములో ఆమె ఆయనకంటె గట్టిదని ఊరిలో ప్రతీతి. ఆయన ఉద్యోగమని అందఱమును అన్నదానిలో సగము ఆమెది.

ఇప్పుడు పరుగు తిరుగబడినది. జీతముకొఱకు పరుగెత్తువారు పోయి, జీతము ఖర్చుపెట్టి పరుగెత్తువారు వచ్చిరి. మారథాను అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంతకు మించినది అల్ట్రా మారథాను. దక్షిణాఫ్రికాలో 1921 నుండి జరుగుచున్న కామ్రేడ్స్ పరుగు రమారమి 90 కిలోమీటర్లు. అమెరికాలో 1974లో గోర్డీ ఐన్స్లీ యనునతడు గుఱ్ఱముల పందెమున గుఱ్ఱము లేకయే దిగి, నూఱు మైళ్ల కొండదారిని ఇరువదినాలుగు గంటలలోపల ముగించెను. నూఱు మైళ్ల కొండదారి పరుగుపందెములకు అదియే నాంది యందురు. ఇబ్న్ బతూతా వినియుండినచో ఆశ్చర్యపడెడివాడు కాడు.

నా పాతశిష్యుడొకడు, హైదరాబాదున ఇంజనీరు, ఇట్టి పరుగులకు పోవుచుండును. ఇద్దఱు బిడ్డల తండ్రి. సెలవులకు స్వగ్రామము వచ్చినను తెల్లవారుజామున నాలుగింటికి తలకు దీపము కట్టుకొని తోటల నడిమి ఎఱ్ఱమట్టి బాటలలో ఆగిరిపల్లి దిక్కునకు పోవును. కాపు దినములలో ఆ దీపము చూచి తోట కావలివారు దొంగ యని వెంటబడిరట. ఆ దినమున తన వేగము బాగుగా నుండెనని అతడు చెప్పుకొనుచున్నాడు.

నవ్వుట అయినపిమ్మట అతని భార్య నాతో ననినది: "మాస్టారూ, ఈయన పతకములు గోడకు తగిలించుటకు మేకులు చాలుటలేదు. ఆ యాఱు గంటలు పిల్లలను నేను చూచుకొంటినని ఒక్క పతకము మీదనైనను వ్రాసియున్నదా?" నేను శిష్యుని మొగము చూచితిని. అతడు బూటు తాళ్లు సవరించుకొనుచున్నాడు.

అతనిని పరుగు మానుమని నేను చెప్పలేదు. అది అతనికి పిచ్చి కాదు, ప్రాణము. తండ్రి చక్కెరవ్యాధితో కాలు పోగొట్టుకొనగా చూచినవాడు. కాని అంచె బంటు పరుగు ఇంటికి బియ్యము తెచ్చెను. ఇతని పరుగు ఇంటి సమయమును తినుచున్నది. ఆ తేడా దాచవలదని మాత్రము అంటిని. మఱుసటి యేట వారు వచ్చినప్పుడు ఏర్పాటు మాఱియున్నది. వారమునకు మూడు తెల్లవారుజాములు అతనివి, మూడు ఆమెవి. ఆమె చాలకాలము క్రిందట మానిన వీణను మరల పట్టినది. ఆ మూడు దినములు పిల్లల జడలు, కారియర్లు అతని పని. జడలు వంకరగా వచ్చుచున్నవని పెద్దపిల్ల నాతో ఫిర్యాదు చేసినది.

టావెర్నియే వ్రాసినదానిలో ఒక సంగతి ఇంతవఱకు చెప్పలేదు. చెట్లు లేని దారులలో ఐదువందల అడుగుల కొకటిగా రాళ్లకుప్పలు పేర్చెడివారట. చీకటిరాత్రులలో, వాన కురియునప్పుడు, ఉత్తరము మోయువాడు దారి తప్పకుండుటకై సమీప గ్రామములవారు వానికి అప్పుడప్పుడు సున్నము కొట్టవలెను. బంటు ఆ తెల్లని కుప్పలు చూచుకొనుచు పోవును. సున్నము నానబెట్టినవారు నాటికి తమ యిండ్లలో నిద్రించుచుందురు.