వికెట్ల వెనుక నిలిచినవాని జ్ఞాపకములు

క్రికెట్టు స్కోరు పుస్తకమును పాఠకులు ఎప్పుడైనను నిదానముగ చూచితిరా? బ్యాటు పట్టినవాడు తీసిన ప్రతి పరుగునకును అందులో లెక్క కలదు. బంతి వేసినవాని ప్రతి ఓవరునకును లెక్క కలదు. వికెట్ కీపరునకు మాత్రము, అతడు పట్టిన క్యాచులును చేసిన స్టంపింగులును తప్ప, మరి లెక్క లేదు. అతడు ఆపిన బంతి ఎచ్చటను వ్రాయబడదు. విడిచిన బంతి మాత్రము ‘బై’ పరుగుల వరుసలో శాశ్వతముగ నిలుచును. దినమంతయు వంగి లేచి, వందలకొలది బంతులను కనిపెట్టి, ఒక్కదానిని వదలినచో ఆ యొక్కటియే చరిత్ర యగును. కార్యాలయములలో ముప్పదియేండ్లు ఫైళ్లు నడపిన మనవంటివారికి ఈ సంగతిని విప్పి చెప్పనక్కరలేదు.

నేనును ఒకప్పుడు అట్టి స్థానమున నిలిచినవాడనే. 1960 దశాబ్దమున సికిందరాబాదులో ఒక చిన్న క్లబ్బునకును, పిమ్మట కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమున చేరి మా కార్యాలయపు జట్టునకును వికెట్ కీపరుగ ఆడితిని. పెద్ద ఆటగాడను కాను. నా పేరు ఏ పత్రికయందును పడలేదు. అయినను నాతో ఆడిన మిత్రులను గూర్చియు, నాకు పూర్వము ఆ స్థానమున నిలిచినవారిని గూర్చియు నాలుగు మాటలు వ్రాసి ఉంచుట మంచిదని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

మన దేశమున క్రికెట్టును మహారాజులు పెంచిరని పలువురందురు. అది సగము నిజము. రాజులు పూనుకొనక మునుపే క్లబ్బులు దానిని నాటినవి. 1848 లో బొంబాయి పారసీలు ఓరియంటల్ క్రికెట్ క్లబ్బును స్థాపించిరి. 1886 లో పారసీ జట్టు ఇంగ్లండునకు వెళ్లి ఆడెను. దక్షిణాపథమున ఈ పనికి పూనుకొన్నవాడు తెలుగువాడగుట మనకు సంతోషకరము. మద్రాసు చేపాకు మైదానమున దొరల క్లబ్బునందు భారతీయులకు సమాన స్థానము లేని ఆ కాలమున, బుచ్చిబాబు నాయుడుగారు 1888 లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పి యువకులను కూడగట్టిరి. దొరల జట్టుతో భారతీయుల జట్టు సరిసమానముగ ఆడవలెనని వారు తలపెట్టిన ప్రెసిడెన్సీ పందెము 1908 లో జరిగెను. కాని దానిని కన్నులార చూచు భాగ్యము వారికి లేకపోయెను. అంతకు కొలది దినములు ముందే, నలువదేండ్ల ప్రాయమున, వారు పరమపదించిరి.

అట్టి మహనీయులు వేసిన బాటలోనే, ఎన్నో ఏండ్ల తరువాత, మావంటి బీద క్లబ్బులు నడచినవి. సికిందరాబాదు పెరేడు మైదానమున ఆదివారము ఉదయము ఒకే వేళ అనేక పందెములు జరుగుచుండెడివి. ఒక జట్టు ఆటగాడును మరియొక జట్టు ఆటగాడును వీపునకు వీపు చేర్చి నిలుచుట మాకు వింత కాదు. పచ్చిక లేదు. కొబ్బరినార చాపను రిక్షాలో వేసుకొని తెచ్చి, పరచి, బిగియ లాగి, చుట్టును మేకులు కొట్టుట మా మొదటి పని. చాప ఒక మూల వదులైనను బంతి పడగ విప్పిన పామువలె లేచి కీపరు గడ్డమును తాకును. అందుచే మేకులను సరిచూచు భారము నేనే వహించితిని. క్లబ్బున కంతకును ప్యాడ్లు మూడు జతలు, కీపరు గ్లవుజులు ఒక జత. లోపలి తోలు తొడుగులను నీటితో తడిపి వేసుకొన్నచో అరచేతికి దెబ్బ తగ్గునని ఒక పెద్ద ఆటగాడు నాకు నేర్పెను.

మా జట్టులో లాలాగూడ రైల్వే కర్మాగారపు ఫిట్టరు ఒకడు, బడిపంతులు ఒకడు, ఉర్దూ తప్ప వేరు మాట రాని బట్టల దుకాణదారు కుమారుడొకడు, తమిళ సోదరులిద్దరు ఉండిరి. మైదానమున ఒకే వాక్యములో మూడు భాషలు దొరలుచుండెడివి. అర్థము కాకపోవుట మాత్రము ఎన్నడును లేదు.

నాకంటె ఎనిమిదేండ్లు పెద్దవాడైన ఒక ఆఫ్ స్పిన్ బౌలరును నేను ‘అన్నా’ అని పిలిచెడివాడను. ఆయన వ్రేళ్లను చూచి బంతి ఎటు తిరుగునో ముందే గ్రహించుట నాకు అలవాటు. ఒక పందెమున, ఎన్నిక చేయువారు వచ్చి కూర్చుండిన దినముననే, ఎదుటి జట్టులోని మేటి బ్యాట్సుమను ముందుకు దూకి బంతిని తప్పెను. వికెట్లు నా యెదుట ఉన్నవి. బంతి నా గ్లవుజును తాకి జారిపోయెను. అతడు పిమ్మట నూరు పరుగులు దాటెను. అన్నకు పైజట్టులో చోటు రాలేదు. ఆయన నన్నొక్క మాట అనలేదు. ఆ మౌనమే నాకు ఏండ్ల తరబడి గుచ్చుకొనెను.

ఆ బాధ పడుచున్న దినములలోనే దత్తారాం హిండ్లేకరు చరిత్ర నా కంటబడెను. ఆయన బొంబాయి పోర్టు ట్రస్టులో చిన్న జీతముపై పనిచేసిన ఉద్యోగి. 1936 లో విజయనగరపు మహారాజకుమారుని నాయకత్వమున ఇంగ్లండునకు వెళ్లిన జట్టులో వికెట్ కీపరు. లార్డ్సు టెస్టున విజయ్ మర్చంటుతో ఆట ఆరంభించెను. వ్రేలికి గాయమై మాంచెస్టరు టెస్టునకు దూరమాయెను. అచ్చట మర్చంటు, ముష్తాక్ అలీ కలసి మొదటి వికెట్టునకు 203 పరుగులు చేసిరి. లోకమునకు ఆ 203 జ్ఞాపకమున్నది. విరిగిన వ్రేలు జ్ఞాపకము లేదు. ఆ టెస్టుననే బుచ్చిబాబుగారి కుమారుడు కోటా రామస్వామి, నలువదేండ్ల వయస్సున, తొలిసారి భారతదేశము పక్షమున ఆడి 40, 60 పరుగులు చేసెను.

పదేండ్లకు 1946 లో అదే మాంచెస్టరున తొమ్మిది వికెట్లు పడి, ఓటమి వాకిట నిలిచిన వేళ, చివరివాడుగ హిండ్లేకరు బ్యాటు పట్టుకొని వచ్చెను. సోహోనీతో కలసి 13 నిమిషములు నిలబడి ఆ టెస్టును కాపాడెను. 13 నిమిషములలో ఎన్ని పరుగులు వచ్చినవని ఎవరును అడుగరు. నిలబడుటయే ఆనాటి పని. 1949 మార్చిలో, నలువదేండ్లకే, ఆయన బొంబాయిలో కన్ను మూసెను.

మన తెలుగు నేలయు ఈ స్థానమునకు పనివారిని ఇచ్చినది. హైదరాబాదువాడైన పోచయ్య కృష్ణమూర్తి 1971 లో వెస్టిండీసునందు అయిదు టెస్టులలోను కీపరుగ నిలిచెను. ఆ దేశముపై మనకు తొలి విజయము లభించిన పరంపర అది. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్‌ల స్పిన్‌ను కాచుట ఎంతటి పనియో వికెట్ల వెనుక నిలిచినవానికే తెలియును. అనంతరము గుంటూరునుండి ఎం. ఎస్. కె. ప్రసాదు 1999 లోను, విశాఖపట్టణమునుండి కె. ఎస్. భరత్ 2023 లోను టెస్టులలో ప్రవేశించిరి. 2011 లో ప్రపంచ కప్పును గెలిచిన నాయకుడు ధోనీ సైతము, మన తెలుగువారు వేలకొలదిగ స్థిరపడిన ఖరగ్‌పూరులో 2001 నుండి 2003 వరకు రైల్వే టిక్కెట్టు పరీక్షకుడుగ పనిచేసినవాడే.

అన్న పదవీ విరమణ చేసిన పిమ్మట ఒకనాడు వారి యింటికి వెళ్లితిని. మనస్సు దిటవు చేసుకొని ఆ జారిన బంతి మాట ఎత్తితిని. ఆయన కొంత సేపు ఆలోచించి, “ఏ స్టంపింగు తమ్ముడూ? నాకు గుర్తే లేదు. నాకు గుర్తున్నది నీ చిటికెనవ్రేలు. నా బంతికే విరిగింది గదా! సైకిలు మీద కూర్చోబెట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోతూ, నా వల్ల నీ చెయ్యి పాడయిందని దారంతా ఏడ్చినాను” అనెను. వంకర తిరిగిన ఆ వ్రేలు నేటికిని నా చేతికున్నది. అది ఎవరి బంతికి విరిగినదో నేను ఏనాడో మరచితిని. ఇన్నేండ్లు ఇద్దరమును చెరియొక అపరాధమును మోయుచుంటిమి. ఒకని అపరాధము రెండవవాని పుస్తకమున లేనేలేదు!

మా క్లబ్బు స్కోరు పుస్తకములు పాత కాగితముల బండికి పోయినవని తరువాత తెలిసినది. ఇక మిగిలినవి మా జ్ఞాపకములే. అవియు ఏటేట తగ్గుచున్నవి. కావున ఈ సంచిక చదువు సభ్యులకు నా మనవి యొకటి. మీరును ఏదో యొక మైదానమున, ఏదో యొక జట్టులో ఆడియే యుందురు. మీతో ఆడిన పదుగురి పేర్లును, వారు చేసిన మేలును, పిల్లలకు తెలియునట్లు వ్రాసి ఉంచుడు.

నేను ఈ నడుమ కాగితము తీసికొని మా పదునొకండుగురి పేర్లును వ్రాయబూనితిని. పది పేర్లు వచ్చినవి. లెగ్ వైపున బౌండరీ దగ్గర నిలిచి, నేను విడిచిన బంతులకై పరుగెత్తి, ఎన్నో ‘బై’ పరుగులను నా లెక్కలో పడకుండ కాపాడిన ఎడమచేతి కుర్రవాని పేరు మాత్రము ఎంత తలచినను జ్ఞప్తికి రాలేదు. ఆ వరుసను ఖాళీగనే ఉంచితిని. ఆనాటి పెరేడు మైదానపు మిత్రులెవరైన ఈ పుటలు చూచి ఆ పేరు తెలిపినచో మిక్కిలి కృతజ్ఞుడనై యుందును.