నీలగిరి కొండబండి

రైలుబండికి ఇంజను ముందుండడం అందరూ ఎరిగిన విషయమే. తమిళనాడులోని మేట్టుపాళయం స్టేషను నుండి ఉదకమండలానికి బయలుదేరే చిన్నబండికి మాత్రం ఇంజను వెనుక ఉంటుంది. పెట్టెలను ముందుకు తోసుకొంటూ అది కొండ ఎక్కుతుంది. అన్నిటికంటె ముందున్న పెట్టె అంచున నిలిచిన ఉద్యోగి దారి చూచుకొంటూ, వెనుక ఎక్కడో ఉన్న డ్రైవరుకు జెండాతో సంజ్ఞలు చేస్తాడు. కొత్తవారికి ఇది తలక్రిందుల ఏర్పాటుగా తోస్తుంది. కాని కారణం విన్న తరువాత ఇంతకంటె వివేకమైన పద్ధతి లేదనిపిస్తుంది. నిలువుకొండ మీద ఏదైనా లంకె తెగినదనుకొందాం. పెట్టెలు జారి ఇంజను మీదనే ఆనుకొంటాయి గాని లోయవైపు పరుగెత్తవు.

ఈ మీటరుగేజి దారి పొడవు 46 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున మొదలై 2,203 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దారిలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్నవి. ఎక్కడానికి దాదాపు అయిదు గంటలు, దిగడానికి మూడున్నర గంటలకు పైగా పడుతుంది. రోడ్డు మీద బస్సు ఇందులో సగం కాలానికే చేరుస్తుంది. అయినా 1914వ సంవత్సరపు నమూనా ఆవిరి ఇంజన్లు ఈ దారిన ఇంకా పనిచేస్తున్నవి. యాత్రికుల ముచ్చట తీర్చడానికే వీటిని నిలిపి ఉంచినారని చాలమంది తలుస్తారు. అది సగం నిజం మాత్రమే. మిగిలిన సగం ఆ కొండవాలులోనే ఉన్నది.

ఈ కొండకు రైలు వేయాలన్న ఆలోచన 1854లోనే పుట్టినది. తరువాతి కాలంలో చెన్నపట్నం ఎండలకు తాళలేక మద్రాసు ప్రభుత్వం వేసవిలో ఉదకమండలానికి తరలిపోయేది. కోస్తా జిల్లాలూ రాయలసీమా కూడా ఆనాడు ఆ రాజధానికి లోబడినవే కనుక, తెలుగు రైతుల గోడు తెలిపే కాగితాలు సైతం వేసవిలో ఈ కొండ ఎక్కవలసి వచ్చేది. ఎడ్లబండ్లూ గుర్రపుబండ్లూ తప్ప మరొక సాధనం లేదు. స్విట్జర్లండులో పళ్ళపట్టా రైలు వేసి పేరు గడించిన నిక్లాస్ రిగ్గెన్‌బాఖ్ అనే ఇంజనీరు 1882లో ఇక్కడికి వచ్చి దారి పరిశీలించినాడు. తరువాత ఒక కంపెనీ ఏర్పడి, 1891లో పని ప్రారంభించి, డబ్బు చాలక 1894లో దివాలా తీసినది. మరొక కంపెనీ ఆ పనిని అందుకొన్నది. చివరకు 1899లో కూనూరు దాకా, 1908లో ఉదకమండలం దాకా బండి నడిచినది. తలపెట్టిన నాటి నుండి తుది మజిలీ చేరేసరికి 54 ఏండ్లు గడచినవి!

ఇంత జాప్యానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఉక్కుచక్రం ఉక్కుపట్టా మీద తిరిగేటప్పుడు రెండింటి నడుమ రాపిడి చాల తక్కువ. సమతలం మీద ఇది రైలుకు గొప్ప వరం. తక్కువ శక్తితో ఎక్కువ బరువు లాగవచ్చు. కొండ మీద అదే శాపమవుతుంది. కల్లార్ నుండి కూనూరు దాకా దాదాపు 20 కిలోమీటర్లలో బండి 1,300 మీటర్ల ఎత్తు ఎక్కవలె. కొన్నిచోట్ల పన్నెండున్నర అడుగుల నడకకు ఒక అడుగు ఎత్తు. అక్కడ నూరు టన్నుల బండి క్రిందికి జారకుండా ఉండాలంటేనే ఎనిమిది టన్నుల బలంతో పట్టి ఉంచవలె. ఇంజను చక్రాల మీద నలభై టన్నుల బరువున్నదనుకొంటే, పట్టాలు పొడిగా ఉన్నప్పుడు వాటి పట్టు సుమారు పది టన్నులు. ఒక వాన కురిసినా, నాలుగు ఆకులు రాలి నలిగినా ఆ పట్టు సగానికి సగం పడిపోతుంది. ఇంజనులో ఎంత శక్తి ఉన్నా చక్రాలు ఉన్నచోటనే గిరగిర తిరుగుతాయి. నీలగిరులలో వానకూ ఆకులకూ కొదువ ఏమున్నది?

ఈ చిక్కుకు మందు పళ్ళపట్టా. రెండు పట్టాల నడుమ, వాటికంటె కొంచెం ఎత్తుగా, పళ్ళు గల ఉక్కుబద్దలు బిగిస్తారు. ఇంజను అడుగున ఉన్న పళ్ళచక్రం ఆ పళ్ళలో ఇరుక్కొని నిచ్చెన ఎక్కినట్లు ఎక్కుతుంది. నీలగిరిలో వేసినది రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు పద్ధతి. ఆయన ఒక బద్దకు బదులు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఒకదాని పన్ను ఎదుట రెండవదాని సందు వచ్చేటట్లు అమర్చినాడు. ఒక పన్ను విడిచేలోగా మరొకటి పట్టుకొంటుంది కాబట్టి పట్టు ఏ క్షణమందూ తప్పదు, కుదుపూ తక్కువ.

మొదటి ఇంజన్లు ఇంగ్లండులోని బేయర్ పీకాక్ కంపెనీవి. ఈ దారికి పేరు తెచ్చినవి మాత్రం వాటి తరువాత వచ్చిన ఎక్స్ తరగతి ఇంజన్లు. వీటిని స్విట్జర్లండులోని వింటర్తూర్ కర్మాగారంలో కట్టినారు. 1914-25 మధ్య పన్నెండు వచ్చినవి. స్వతంత్ర భారతదేశం 1952లో మరి అయిదు తెప్పించుకొన్నది. ముప్పై ఎనిమిది సంవత్సరాల నాటి నమూనాను మార్చవలసిన అవసరం కనబడకపోవడం ఆ నమూనాకు దక్కిన గౌరవమే.

ఆ యంత్రపు నేర్పు కొంచెం వివరంగా చెప్పదగినది. దీనికి నాలుగు సిలిండర్లు. క్రింది రెండూ మామూలు చక్రాలను తిప్పుతాయి. పై రెండూ గేర్ల ద్వారా పళ్ళచక్రాలను తిప్పుతాయి. చదునునేల మీద క్రింది జత మాత్రమే పనిచేస్తుంది. ఆవిరి ఒకసారి పని ముగించి పొగగొట్టం గుండా పోతుంది. కల్లార్ దాటి పళ్ళపట్టా ఎక్కగానే డ్రైవరు ఆ ఆవిరిని బయటికి పోనీయక పై సిలిండర్లకు మళ్ళిస్తాడు. ఒకే ఆవిరి రెండుమార్లు పనిచేస్తుందన్నమాట. అయితే ఒకసారి పని చేసిన ఆవిరి వ్యాకోచించి ఉంటుంది. దానికి ఎక్కువ చోటు కావలె. ఇతర ఇంజన్లలో ఇందుకు పెద్ద సిలిండరు పెడతారు. ఇక్కడ అన్నీ ఒకే కొలతవి. పై జతను క్రిందిదానికంటె వేగంగా తిరిగేటట్లు చేసి ఆ చోటును సంపాదించినారు. గేర్లు అడ్డుండడం వలన పై కడ్డీలు క్రిందివాటికి ఎదురుదిశలో తిరుగుతాయి. దారి ప్రక్కన నిలబడి చూచేవారికి ఒకే ఇంజనులో రెండు యంత్రాలు పోట్లాడుకొంటున్నట్లు కనబడుతుంది. ఇంత హడావిడికీ పళ్ళపట్టా మీద బండి వేగం గంటకు 13 కిలోమీటర్లే!

ఎక్కడం కంటె దిగడం కష్టం. బండి బరువే దానిని తోస్తుంది. అప్పుడు ఇంజను సిలిండర్లను గాలి పంపులుగా మార్చి, గాలిని అదిమే శ్రమతో వేగాన్ని అణచుతారు. ఈ బ్రేకు రిగ్గెన్‌బాఖ్ పేరుతోనే ప్రసిద్ధం. నీలగిరులకు తానే రైలు వేయలేకపోయినా ఆయన తెలివి రోజూ ఈ కొండ దిగుతూనే ఉన్నది. ఇది గాక ప్రతి పెట్టె కొనన ఉన్న చిన్న వసారాలో ఒక బ్రేకుమనిషి ఉంటాడు. అతని చేతిలో చక్రాల బ్రేకూ, పళ్ళపట్టాను పట్టుకొనే బ్రేకూ రెండూ ఉంటాయి. ఆ పెట్టెలు తేలికైనవి. వాటి పెద్దకిటికీలను గూర్చి అందరూ చెప్పుకొంటారు. వసారాలో వానకు తడుస్తూ ఈలలు వింటూ బ్రేకు త్రిప్పే మనిషిని గూర్చి చెప్పుకొనేవారు తక్కువ. 1998లో వచ్చిన ‘దిల్ సే’ చిత్రంలో ఈ బండి పైకప్పు మీద ఆడిన నృత్యం దేశమంతా చూచినది గాని, ఆ వసారాను చూచినవారెందరు?

కూనూరులో పళ్ళపట్టా ముగుస్తుంది. అక్కడి నుండి ఉదకమండలం దాకా వాలు సుమారు పాతిక అడుగులకు ఒక అడుగు. మామూలు చక్రాలు చాలు. అందువల్ల ఆ ముక్కకు డీజిలు ఇంజన్లు ఎన్నడో వచ్చినవి, ఆవిరి ఇంజను కూనూరులో విడిపోతుంది. క్రింది ముక్కలో అలా జరుగలేదు. ఇక్కడి డీజిలు ఇంజన్లకు పళ్ళచక్రాలు లేవు. వాటిని కల్లార్ వాలు ఎక్కించలేము. పాత ఇంజను నిలిచినది దాని స్థానాన్ని పుచ్చుకోగల మరొకటి రానందువల్లనే. 1999లో డార్జిలింగు రైలుకు దక్కిన ప్రపంచ వారసత్వ గుర్తింపును యునెస్కో 2005లో నీలగిరికి కూడ విస్తరింపజేసినది. ఆ గౌరవం రాక ముందు ఎన్నో ఏండ్లుగా ఈ ఇంజన్లను బ్రతికించినది పళ్ళపట్టాయే.

కాని ఇనుము కూడ అరుగుతుంది. బాయిలర్లు పాతబడినవి, విడిభాగాలు బజారులో దొరకవు. భారతదేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆగిపోయినది. ఇక మిగిలిన మార్గం తామే చేసుకోవడం. తిరుచిరాపల్లి వద్ద ఉన్న గోల్డెన్‌రాక్ రైల్వే కర్మాగారం 2011 నుండి 2014 లోగా చమురుతో మండే నాలుగు కొత్త ఎక్స్ ఇంజన్లను నిర్మించినది. అంతకు ముందే పాత ఇంజన్లు కొన్నిటిలో బొగ్గుకు బదులు చమురు మండించే ఏర్పాటు చేసినారు; ఎగిరిపడే నిప్పురవ్వలు అడవికి అపాయం కదా. బొగ్గుపొగ లేని ఇంజను పాత ఇంజనే కాదని వాదించే ప్రియులున్నారు. ఆ మాట మనస్సుకు ఇంపుగా ఉన్నా యంత్రశాస్త్రానికి నిలవదు. ఈ ఇంజనుకు ప్రాణం నాలుగు సిలిండర్ల కూర్పులోనూ పళ్ళచక్రంలోనూ ఉన్నది. పొయ్యిలో ఏది మండినా అవి అట్లే తిరుగుతాయి. అయినా ప్రియుల కోరిక కూడ తీరినది. 2021లో అదే కర్మాగారం బొగ్గుతో నడిచే ఎక్స్ ఇంజనును ఒకదానిని తయారుచేసినది. దాని సంఖ్య 37400. వింటర్తూర్ ఇంజన్ల వరుసలోనే దానికి ఆ అంకె వేసినారు.