సూచికల సమ్మేళనము – ఒక చారిత్రక పరిశీలన

రెండు మూడు విషయములు కలిసియున్న పత్రములను వెదకుట పరిశోధకునకు నిత్యావసరము. ప్రతి కలయికకును వేరొక సూచిక కూర్పబూనినచో సూచికలకు అంతుండదు. కావున విషయమున కొక సూచిక నుంచి, వెదకునపుడే వానిని కలుపు పద్ధతి ఏర్పడినది. దాని చరిత్రను మేమిందు సంగ్రహముగా పరిశీలించుచున్నాము.

1940ల దశకమున ఇంగ్లండులో బాటెన్ పేటెంటులను వెదకుటకు రంధ్రములు గల కార్డులను వాడెను. కార్డు ఒక విషయమునకు, అందలి స్థానము ఒక పత్రసంఖ్యకు గుర్తు. కార్డులను పేర్చి వెలుతురునకు పట్టినచో, వెలుగు దూరిన స్థానమే కోరిన పత్రము. 1950ల ఆరంభమున అమెరికాలో మార్టిమర్ టౌబే యూనిటెర్మ్ పద్ధతిని ప్రవేశపెట్టెను. అందు కార్డులపై పత్రసంఖ్యలనే వ్రాసి, ఉమ్మడి సంఖ్యలను ఏరుదురు.

కంప్యూటరు పత్రనిధులకును ఇదే మూలసూత్రము. 2014లో వెలువడిన మాంగోడీబీ 2.6 ఇట్లు సూచికలను కలుపు సౌకర్యమును చేర్చినది. సంఖ్యలు క్రమమున నున్నచో, చిన్న జాబితాతో ఆరంభించుట మేలు. పది సంఖ్యలు చేత నుండగా లక్ష సంఖ్యల జాబితా నంతయు చదువ బనిలేదు. కావలసిన సంఖ్యకు దాటిపోవచ్చును.

అయినను, 'కవి', 'శాసనము' అను సూచికలు ఒకే పత్రమును చూపినంత మాత్రమున ఆ కవియే శాసనకర్త యని నిశ్చయింపరాదు. ఆ సంబంధమును పత్రము చదివియే నిర్ణయింపవలెనని మా అభిప్రాయము.