పర్ణశాల సరిహద్దులో రాజకీయ హత్యలు, అపహరణలు: చరిత్ర, పర్యవసానాలు

పర్ణశాల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. భద్రాచలానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరం. వనవాసంలో సీతారాములు ఇక్కడ ఉన్నారని భక్తుల నమ్మకం. భద్రాచలంలో దర్శనం చేసుకున్నవాళ్లు పగటిపూట వచ్చి, చూసుకుని వెళతారు. ఇదే వైపు రోడ్డు పట్టుకుని చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్ అడవులు. అటు సుక్మా, బీజాపూర్ జిల్లాలు. యాత్రికులు వస్తూపోతూ ఉన్న ఈ సరిహద్దులో, ఓట్లు వేయించుకుని గెలిచినవాళ్లు మాత్రం కొన్ని దశాబ్దాలపాటు చీకటిపడ్డాక లోపలి ఊళ్లకు వెళ్లడం మానుకున్నారు. ప్రజాప్రతినిధులు, అధికారులు, హక్కుల కార్యకర్తలపై తెలుగునాట జరిగిన రాజకీయ హింస ఫలితం ఇక్కడ కనిపించినంత స్పష్టంగా హైదరాబాదులో కనిపించదు.

నేపథ్యం

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత తెలంగాణ సాయుధ పోరాట దళాలు కొన్ని గోదావరి అడవులకు తరలాయి. శ్రీకాకుళం ఉద్యమం తర్వాత చండ్ర పుల్లారెడ్డి వర్గం ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి ఏజెన్సీల్లో పనిచేసింది. 1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ ఏర్పడింది. తునికాకు కట్ట రేటు, ఫారెస్టువాళ్ల మామూళ్లు, పోడు కేసులు: దళాలకు ఏజెన్సీలో చోటు దొరికింది వీటి వల్లే. సిద్ధాంతం తర్వాత వచ్చింది.

గుర్తేడు

1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఐఏఎస్ అధికారులను పట్టుకుపోయింది. వారిలో ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు. వెట్టిచాకిరీ నిర్మూలనకు, దళిత గిరిజనుల సంక్షేమానికి ఉద్యోగ జీవితాన్ని ధారపోసిన అధికారి ఆయన. ఎన్టీ రామారావు ప్రభుత్వం జైల్లో ఉన్న నక్సలైట్లను వదిలి అధికారులను విడిపించుకుంది. ప్రభుత్వం ఈ ఘటన నుంచి నేర్చుకున్నది 1989లో బయటపడింది: ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ చేతుల మీదుగా నక్సలైట్లను వేటాడే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ పుట్టింది. 1993 జనవరి 27న ఆ వ్యాస్‌నే హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చిచంపారు. శంకరన్ నేర్చుకున్నది వేరు. 1997లో పౌర స్పందన వేదికకు నాయకత్వం వహించి, ఇరుపక్షాలనూ మాట్లాడుకోమని ఏళ్ల తరబడి తిరిగారు. 2004 అక్టోబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వానికీ పీపుల్స్‌వార్ వారసులైన మావోయిస్టులకూ హైదరాబాదులో జరిగిన చర్చల వెనుక ఆ కృషి ఉంది. తనను బందీగా పట్టుకున్నవాళ్లతోనే మాట్లాడాలని పట్టుబట్టిన అధికారులు మన చరిత్రలో ఎక్కువమంది లేరు.

హత్యల వరుస, వారసుల వరుస

1995 డిసెంబరు 1న ఒంగోలులో ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డి, 1999 ఏప్రిల్‌లో మహాదేవపూర్ ప్రాంతంలో మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావు, 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలి పంచాయతీరాజ్ మంత్రి ఎ. మాధవరెడ్డి నక్సలైట్ల చేతుల్లో హతులయ్యారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకుతో సహా కాల్చారు. రెండు రోజులకే మావోయిస్టు పార్టీపై నిషేధం తిరిగొచ్చింది. చర్చల ముచ్చట అప్పటికే జనవరిలో ముగిసిపోయింది.

పాలకవర్గాన్ని బలహీనపరచడమే ఈ హత్యల ఉద్దేశమైతే, ఖాళీ అయిన సీట్లలోకి ఎవరొచ్చారో చూడాలి. ఒంగోలు నుంచి 1996లో మాగుంట పార్వతమ్మ లోక్‌సభకు వెళ్లారు. మంథనిలో శ్రీపాదరావు కొడుకు శ్రీధర్‌బాబు 1999లోనే గెలిచి, తర్వాత మంత్రి అయ్యారు. ఉమా మాధవరెడ్డి భువనగిరి ఉపఎన్నికలో గెలిచి మంత్రి పదవి చేపట్టారు. సరిహద్దు అవతల 2013 మే 25న ఝీరం లోయలో కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ హతుడైతే, ఆ ఏడాదే భార్య దేవతి కర్మ దంతెవాడ నుంచి ఎన్నికయ్యారు. నక్సలైట్ల ప్రమేయం లేని హత్యల్లోనూ ఇదే జరిగింది: 1988 డిసెంబరులో విజయవాడలో నిరాహారదీక్ష శిబిరంలో ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య తర్వాత కోస్తా అల్లర్లతో అట్టుడికింది, మరుసటి ఏడు ఆయన భార్య రత్నకుమారి అదే నగరం నుంచి శాసనసభకు వచ్చారు. కుటుంబ పాలనను తిట్టిన తుపాకులే కొన్ని కుటుంబాలకు కుర్చీ ఖాయం చేశాయి.

సానుభూతి అన్నిసార్లూ పండలేదు. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి తిరుమల వెళుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కాన్వాయ్‌పై అలిపిరి దగ్గర నక్సలైట్లు క్లెమోర్ మైన్లు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడి, శాసనసభను రద్దుచేయించి ముందస్తు ఎన్నికలకు వెళ్లారు. 2004లో ఓటర్లు ఆ దాడిని కాదు, కరువునూ కరెంటు బిల్లులనూ గుర్తుపెట్టుకున్నారు.

రెండో పక్క

హింస ఒకవైపు నుంచే రాలేదు. పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే, ఒక ఎస్సై అంతిమయాత్రలో వచ్చినవాళ్లు చంపారు. 1997 ఏప్రిల్ 6న ప్రజాగాయకుడు గద్దర్‌పై కాల్పులు జరిగాయి. 2000 నవంబరులో హక్కుల కార్యకర్త పురుషోత్తం హత్య. మధ్యలో నిలబడి మాట్లాడేవాళ్లను లేకుండా చేయడంలో ఇరుపక్షాలూ తోడుదొంగలే. పెరూలోనూ ఇదే తీరు: అక్కడి మావోయిస్టు సంస్థ షైనింగ్ పాత్ 1992 ఫిబ్రవరిలో లిమా మురికివాడల మహిళా నాయకురాలు మరియా ఎలెనా మొయానోను చంపింది. ఆమె ధనిక వర్గానికి చెందినామె కాదు. పేదలకు పాలు, భోజనం అందించే సంఘాల మనిషి.

అడవి అంచున

భద్రాచలం నియోజకవర్గానిది కొంత భిన్నమైన అనుభవం. సీపీఎం తరఫున మూడుసార్లు గెలిచిన కుంజా బొజ్జి, మూడుసార్లు గెలిచిన సున్నం రాజయ్య ఆడంబరం లేకుండా బస్సుల్లో, జనం మధ్య తిరిగిన ఎమ్మెల్యేలుగా పేరుపడ్డారు. కానీ ఆ నిరాడంబరత్వం కింది స్థాయి నాయకులకు రక్షణ కాలేదు. మావోయిస్టు వారోత్సవాల పేరుతో వాల్‌పోస్టర్లు వెలిసినప్పుడల్లా పోలీసులు సర్పంచులనూ ఎంపీటీసీలనూ ఊళ్లు వదిలి పట్నాలకు వెళ్లమనేవారు. మారుమూల రూట్లలో రాత్రి బస్సులు ఆగేవి. 2019 జూలైలో చర్ల మండలానికి చెందిన మాజీ ఎంపీటీసీని మావోయిస్టులు రాత్రివేళ ఇంటినుంచి తీసుకుపోయారు. కొద్ది రోజులకు సరిహద్దులో శవం దొరికింది. మంత్రికి గన్‌మెన్, బుల్లెట్‌ప్రూఫ్ కారు ఉంటాయి; ఎంపీటీసీకి ఉండేది ఇంటి తలుపే.

దీనికి పది నెలల ముందు, 2018 సెప్టెంబరు 23న, విశాఖ ఏజెన్సీలోని లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు ఆపారు. గన్‌మెన్ల ఆయుధాలు లాక్కుని వారిని వదిలేశారు, నాయకులిద్దరినీ చంపారు. ఇద్దరూ గిరిజనులే. కోపం పట్టలేని అనుచరులు ఆ సాయంత్రం దాడిచేసింది పోలీసు స్టేషన్ల మీద. కిడారి కొడుకు శ్రావణ్‌కుమార్‌ను మంత్రిని చేశారు. ఆరు నెలల్లో సభ్యుడు కాలేకపోవడంతో ఆయన రాజీనామా చేశారు, 2019 ఎన్నికలో ఓడిపోయారు. వారసత్వ సూత్రానికి ఏజెన్సీ ఇచ్చిన మినహాయింపు ఇది.

నాయకులు వెళ్లలేని ఊళ్లలోకి వచ్చినవాళ్లు వేరు. 2005లో బస్తర్‌లో మావోయిస్టు వ్యతిరేక సాయుధ దళాల సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గుత్తికోయ ఆదివాసులు చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు జుడుం తరహా ప్రత్యేక పోలీసు నియామకాలు చెల్లవంది. వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. ఓటుహక్కు, కులధ్రువీకరణ, పోడు పట్టా విషయాల్లో వాళ్ల తరఫున అడిగే ప్రతినిధి ఎవరన్నది తేలకుండానే ఉంది.

అలిపిరి దాడి సూత్రధారిగా పోలీసులు చెప్పిన నంబాల కేశవరావు 2025 మే 21న నారాయణపూర్ జిల్లా అడవుల్లో ఎన్‌కౌంటర్‌లో మరణించారు. అంతకు ఏడాదిన్నర ముందు, 2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో, మిగతా రాష్ట్రమంతా సాయంత్రం 5 దాకా ఓటేస్తే, భద్రాచలం, పినపాక సహా 13 నియోజకవర్గాల్లో భద్రతా కారణాలతో పోలింగ్ 4 గంటలకే ముగిసింది.