ఓడలనుండి పందెపు బాటకు: టార్క్ కన్వర్టరు చరిత్ర

ఇరువదవ శతాబ్ది ఆరంభమున, ఓడర్ నదీతీరమందలి స్టెటిన్ నగరములో, వుల్కన్ అను ప్రసిద్ధ నౌకానిర్మాణశాలయందు పనిచేయుచుండిన ఇంజనీర్లను ఒక చిక్కు వేధించుచుండెను. ఆవిరి టర్బైను ఎంత వేగముగ తిరిగిన అంత సమర్థముగ పనిచేయును; ఓడ వెనుక నీటిని త్రోయు ప్రొపెల్లరు మాత్రము ఎంత నెమ్మదిగ తిరిగిన అంత మేలు చేయును. ఈ రెండింటిని ఒకే ఇరుసునకు బిగించినచో రెండును తమ సామర్థ్యమును కోల్పోవును. అంతటి శక్తిని మోయగల పండ్లచక్రములను నిర్దుష్టముగ కోయు విద్య ఆనాటికింకను పరిపక్వము కాలేదు. అట్టి సమయమున హెర్మన్ ఫొట్టింగర్ అను యువ ఇంజనీరు, లోహమును లోహముతో రాపిడి పెట్టుటకు మారుగ, శక్తిని ఒక ద్రవముచేత మోయింపవచ్చునని తలపోసి, 1905లో తన పేటెంటును సాధించెను.

ఆయన యంత్రమున మూడు రెక్కల చక్రములు కలవు. ఇంజనుతో తిరుగు మొదటి చక్రము, అనగా పంపు, ద్రవమును వెలుపలి అంచువైపునకు విసరును. ఆ విసరుబడిన ద్రవము రెండవదగు టర్బైను రెక్కలను తాకి దానిని త్రిప్పును. తన వేగమును చాలవరకు దానికి ధారపోసి తిరిగివచ్చు ద్రవమును, కదలక నిలిచియుండు మూడవ రెక్కలవరుస, అనగా స్టేటరు, అనుకూలదిశకు మరల్చి మొదటి చక్రమున ప్రవేశపెట్టును. స్టేటరు లేనిచో ఇంజను ఎంత టార్కు ఇచ్చునో అంతయే అవతలి ఇరుసునకు అందును. స్టేటరు ఉన్నచో, ద్రవము దిశ మార్చుకొనునప్పుడు పుట్టు ప్రతిచర్యను అది భరించుటచేత, అవతలి ఇరుసునకు ఇంజను ఇచ్చినదానికంటె ఎక్కువ టార్కు లభించును. వేగమును తగ్గించి త్రిప్పుబలమును పెంచు ఈ మార్పిడిని పండ్లచక్రము లేకుండ సాధించుట ఆనాటికి అపూర్వము. 1913లో నిర్మింపబడిన కోనిగిన్ లూయిసె అను ప్రయాణికుల నౌకలో ఈ యంత్రమును వాడిరి. కాని కొలదికాలములోనే గట్టి పండ్లచక్రములు తయారగుటచేత, ద్రవములో కొంత శక్తి ఎల్లప్పుడును వేడిగ మారి వ్యర్థమగునను కారణముచేత, సముద్రముమీద దీని వాడుక సన్నగిల్లెను.

నేలమీద మాత్రము దానికి వేరొక జన్మ లభించెను. 1920ల చివర కార్ల్స్‌రూహే కేంద్రముగ ట్రిలోక్ అను పరిశోధకబృందము స్టేటరును ఏకదిశ క్లచ్చుపై నిలిపి, ద్రవము వెనుకనుండి త్రోయునప్పుడు అది స్వేచ్ఛగ తిరుగునట్లు చేసెను. దీనిచేత బయలుదేరునప్పుడు బలమును పెంచు యంత్రమే, వేగము పుంజుకొన్న పిమ్మట సామాన్యపు ద్రవసంధానముగ మారి తక్కువ నష్టముతో నడచుట సాధ్యమయ్యెను. నేటి ప్రతి కారు కన్వర్టరులోను ఉన్నది ఈ ఏర్పాటే.

అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1940 నాటి ఓల్డ్స్‌మొబీల్ కారులో ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్ నాలుగు గేర్లను తానే మార్చుకొను పెట్టెయే గాని, దానియందుండినది స్టేటరు లేని ద్రవసంధానము మాత్రమే. నిజమైన కన్వర్టరు 1948లో బ్యూయిక్ రోడ్‌మాస్టరు కారుతో, డైనాఫ్లో అను పేర జనసామాన్యమునకు చేరెను. సాధారణముగ నడపునపుడు డైనాఫ్లోలో గేరు మారుటయే లేదు. కన్వర్టరు ఒక్కటియే ఆ భారమునంతయు వహించెడిది. ప్రయాణము వెన్నవలె సాగెడిది గాని, ఇంజను కేక వేసిన చాలసేపటికి బండి వేగమందుకొనెడిది. 1950లో షెవ్రొలే వారి రెండు గేర్ల పవర్‌గ్లైడు వచ్చెను. పందెముల యువకులు వీనినెల్ల స్లష్‌బాక్సులని, అనగా బురదపెట్టెలని, ఎగతాళి చేసిరి.

ఆ యువకులు కాలిఫోర్నియా ఎండు సరస్సుల అడుగున గట్టిపడిన నేలపై, యుద్ధమునకు పూర్వమునుండియు కార్లను పరుగెత్తించుచుండినవారు. 1950లో సాంటా ఆనా విమానాశ్రయపు బాటపై టికెట్టు పెట్టి నడపిన డ్రాగ్ పందెములు వారికి స్థిరమైన తావు నిచ్చెను. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషను వారికి నియమావళి నిచ్చెను. 1955లో కాన్సాస్ రాష్ట్రపు గ్రేట్ బెండునందు ప్రథమ జాతీయ పోటీలు జరిగెను. నిలుచున్నచోటినుండి పావు మైలు, అనగా 402 మీటర్లు, ఎవరు ముందుగ ముగింతురో వారిదే గెలుపు. ఇట్టి పరుగున తొలి క్షణమే ప్రాణము. చేతిగేరు బండిలో క్లచ్చును వదలు తీరు ఒక్కొక్కమారు ఒక్కొక్కవిధముగ ఉండును. గేరు తప్పుటయు కలదు. అధికవేగమున ఫ్లైవీలు పగిలి ముక్కలు చిమ్మి మనుష్యులను గాయపరచుటయు కలదు. అందుచేత 1950లలోనే బాబ్ స్పార్ మొదలైనవారు, బి అండ్ ఎం అను దుకాణము ద్వారా, హైడ్రామాటిక్ పెట్టెలను పందెమునకు బలపరచి అమ్మజొచ్చిరి. 1960ల తొలిసంవత్సరములలో క్రైస్లరు సంస్థ యువ ఇంజనీర్లు రామ్‌చార్జర్స్ అను బృందముగ ఏర్పడి, మీటలు నొక్కి గేరు మార్చు టార్క్‌ఫ్లైట్ పెట్టెలుగల డాడ్జి కార్లతో సూపర్ స్టాక్ తరగతిలో నాలుగు గేర్ల బండ్లను ఓడించుటతో, స్వయంచాలక గేరుపెట్టె ముసలివారి సుఖసాధనమను మాట నిలువలేకపోయెను.

నా అభిప్రాయమున ఈ చరిత్రలో అతిముఖ్యమైన ఘట్టము ఇక్కడనే కలదు. ఓడల ఇంజనీరును, కార్ల తయారీదారును ఏ జారుడును, అనగా ఇంజనుకంటె అవతలి ఇరుసు వెనుకబడుటను, తగ్గింప పాటుపడిరో, పందెపువాడు ఆ జారుడునే తనకు కావలసినంత కొనదలచెను. బండి కదలక నిలిచియుండగా ఇంజను గరిష్ఠముగ ఎంత వేగమువరకు తిరుగగలదో అదియే స్టాల్ స్పీడు. సామాన్యమైన కారునకు అది నిమిషమునకు 1800 చుట్ల ప్రాంతమున ఉండును. ఎక్కువ బలమునకై కామ్‌షాఫ్టును మార్చి, కవాటములను దీర్ఘకాలము తెరచియుంచునట్లు చేసిన ఇంజనునకు 1800 చుట్లవద్ద దాదాపు ఊపిరే ఉండదు; దాని బలము 3500కు పైన ఆరంభమగును. అట్టి ఇంజనునకు పాత కన్వర్టరును బిగించినచో, పచ్చదీపము వెలిగిన పిదప అది నిద్రమేల్కొనునంతలో ఎదిరి బండి సగము దూరము పోవును.

దీనికి దొరికిన పరిష్కారము కన్వర్టరు వ్యాసమును తగ్గించుట. రెక్కల ఆకృతి ఒకటే యైనచో, కన్వర్టరు మోయగల టార్కు వ్యాసముయొక్క ఐదవ ఘాతముననుసరించియు, వేగముయొక్క వర్గముననుసరించియు మారును. కనుక 12 అంగుళముల కన్వర్టరును 10 అంగుళములకు కుదించినచో దాని మోతశక్తి నూటికి 40 పాళ్లకు పడిపోవును. అదే టార్కును మోయుటకు 1800కు బదులు సుమారు 2800 చుట్లు తిరుగవలసివచ్చును. 8 అంగుళములైనచో దాదాపు 5000. ఈ సూత్రమును పందెపు దుకాణములవారు లేతుపై కాలిన చేతులతో కనుగొనిరి. చిన్న కార్లకై చేసిన చిన్న కన్వర్టర్లను పెద్ద వి8 ఇంజన్లకు తగిలించిరి. వెల్డును లేతుపై కోసి కన్వర్టరును రెండుగ విప్పి, రెక్కల వాలును వంచి, స్టేటరును మార్చి, సన్నని రెక్కలు ఊడిపోకుండ అతికించి, మరల వెల్డుచేసి, తూకము సరిచూచి అమ్మిరి. 1960ల చివరినుండి ఇది ప్రత్యేకమైన వృత్తిగ స్థిరపడెను. కారువారి కర్మాగారమున కాక బయట తయారైన కన్వర్టరును ఎన్నుకొనుట అను విషయము పుట్టినది అప్పుడే.

ఆ ఎన్నికలో తరచు పొరపడుటకు హేతువు, స్టాల్ స్పీడును కన్వర్టరుపై ముద్రించిన స్థిరమైన అంకెగ భావించుటయే. ఒకే కన్వర్టరు తక్కువ టార్కుగల ఇంజను వెనుక 2600కు ఆగును, ఎక్కువ టార్కుగల ఇంజను వెనుక 3200 దాటును. 3000 చుట్ల స్టాల్ అనినంతమాత్రమున ఆ వేగము చేరువరకు బండి కదలదని తలచుటయు సరికాదు. యాక్సిలరేటరును మెల్లగ త్రొక్కినప్పుడు తక్కువ టార్కే పుట్టును గనుక బండి అంతకు చాల ముందే కదలును. అందుచేతనే మంచి తయారీదారు అమ్మకమునకు ముందు ఇంజను ఘనపరిమాణము, కామ్‌షాఫ్టు, బండి బరువు, వెనుక ఇరుసు గేరు నిష్పత్తి, టైరు ఎత్తు, దినచర్యలో ఎంత దూరము నడపుదురో అడిగి తెలిసికొనును. ఇవి అడుగకయే ఇచ్చు కన్వర్టరును కొనవలదని నేను గట్టిగ చెప్పుదును. వీధిలో నడపు బండికి మితిమీరిన స్టాల్ ఉన్నచో, ప్రతి ఎత్తునందును జారుడు వేడిగ మారి నూనెను కాల్చును. సుమారు 93 డిగ్రీల సెంటీగ్రేడు దాటినకొలది నూనె ఆయుర్దాయము త్వరత్వరగ క్షీణించును. అట్టి బండికి ప్రత్యేకమైన నూనె కూలరు తప్పనిసరి.

పందెపు బండి ధర్మము వేరు. పవర్‌గ్లైడు మొదటి గేరు నిష్పత్తి 1.76 గనుక, 7000 చుట్లవద్ద గేరు మార్చినచో ఇంజను లెక్కప్రకారము 4000 దిగువకు కుంగవలెను. 5000 చుట్ల స్టాల్ గల కన్వర్టరు ఆ పతనమును మధ్యలోనే ఆపి ఇంజనును దాని బలమున నిలుపును. రెండే గేర్ల పెట్టె, కుటుంబముల కార్లకై చవకగ చేసినది, 1973తో తయారీ ముగిసినది, ఇన్నాళ్లుగ డ్రాగ్ బాటపై మన్నింపబడుటకు తేలిక బరువుతోపాటు ఇదియు ముఖ్యకారణము. 1970లలో వ్యాపించిన బ్రాకెట్ పందెములు, తాను ముందుగ ప్రకటించిన కాలమునకే పరుగును ముగింపవలసిన పోటీలు, కన్వర్టరునకు మరింత గౌరవము తెచ్చెను. పరుగు వెంబడి పరుగు ఒకే తీరున బయలుదేరుటలో మానవుని ఎడమకాలు దానికి సాటిరాదు. మొదటి గేరును, వెనుక గేరును ఏకకాలమున పట్టించి పెట్టెను బంధించి, మీట వదలినంతనే బండిని విడుచు ట్రాన్స్‌బ్రేకు పిమ్మట దీనికి తోడయ్యెను.

ఇంతలో వీధి కార్లు ఎదురుదిశకు సాగినవి. 1973 చమురు సంక్షోభానంతరము ఇంధనపు పొదుపు ఆవశ్యకమగుటచేత, 1978 నుండి క్రైస్లరు తన కన్వర్టర్లలో లాకప్ క్లచ్చును అమర్చి, స్థిరవేగమున జారుడును పూర్తిగ తొలగించెను. ఈ క్లచ్చును పందెపుదుకాణములవారు తమ హెచ్చు స్టాల్ కన్వర్టర్లకును జతపరచుటతో, వీధికిని పందెమునకును ఒకే బండిని వాడదలచినవాని చిరకాలపు చిక్కు చాలవరకు విడిపోయెను. 2018లో డాడ్జి సంస్థ ఛాలెంజర్ డీమన్ కారును సామాన్యమైన నమూనాకంటె ఎక్కువ స్టాల్ గల కన్వర్టరుతోను, కర్మాగారముననే అమర్చిన ట్రాన్స్‌బ్రేకుతోను అమ్మెను. ఆ కారే దూరప్రయాణమున కన్వర్టరును లాక్ చేసికొని, స్వల్పమైన జారుడు సైతము లేకుండ సాగును.